నీళ్ళ కింది సాంచాల షెడ్డు

నా ఎడమ చెవి మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి అక్షరం నిజం. కుడి చెవి మీద ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో, అది సూరత్ ఖటోదరాలోని మగ్గాల షెడ్ల మోతలో ఎప్పుడో కరిగిపోయింది. లేని దాని మీద ఒట్టు చెల్లదు. ఇదివరకు నేను చెప్పినవి వేరు. తాపీ వరదలో మా గల్లీ బర్రె మేడెక్కి దిగనని మొండికేసిందన్నది, మా సేఠ్ పిల్లి సాంచ నడిపేదన్నది, వాటికి నేను ఒట్టేమీ పెట్టలేదు. మీరు నమ్మి ఉంటే అది మీ మంచితనం. దీనికి మాత్రం పెడుతున్నాను.

సాంచ అంటే మరమగ్గం. కరీంనగర్ దిక్కు పల్లె నుంచి మీసం రాకముందే సూరత్ వచ్చి, సాంచాల మీదనే మీసం నెరిపించుకున్న వాణ్ణి. షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకని మేం చేతులతో మాట్లాడుకుంటాం. రెండు వేళ్ళు కలిపి ఫట్టున విడదీస్తే, పోగు తెగింది. అరచెయ్యి బోర్లా పెట్టి, మగ్గంలో పోగు మోసే నాడె లెక్క ఇటూ అటూ ఆడిస్తే, నడుస్తున్నది, ఫికర్ లేదు. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్ వచ్చింది. కొత్తగా వచ్చినవాడికి చాయ్ సైగ ముందు నేర్పుతాం, తరువాత ఇంకొక్కటి నేర్పుతాం: పోగు తెగితే ముందు సాంచ బంద్ చెయ్యి, తరువాత ఎందుకు తెగిందో చూడు. నా చేతికి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. నేను నిద్రలో ఉన్నా అది స్విచ్చు వెతుక్కుంటుంది.

కరోనా వచ్చిన ఏడు సాంచాలన్నిటికీ తాళాలు పడ్డాయి. మేముండే డిండోలిలో మా గల్లీ సగం ఖాళీ అయింది. మా ఇంటామెకు ఆయాసం, అంత దూరం ప్రయాణం పడదు, అందుకని మేం ఉండిపోయాం. తిండి సంగతి ఎట్లో అట్ల నడిచింది కానీ ఆ నిశ్శబ్దం నాకు అరగలేదు. గిన్నె కిందపడితే లేచి నిలబడేవాణ్ణి.

"ఏంది, దయ్యం పట్టినట్టు జేస్తున్నవ్?" అనేది మా ఇంటామె.

"చప్పుడు లేదే. పానం గుంజుతున్నది."

"చప్పుడు గావాల్నా? నేను షురూ చెయ్యాల్నా?"

ఆమె షురూ చెయ్యకముందే ఒక దారి దొరికింది. చేపల పనికి, రొయ్యల పనికి సర్కారు ఇజాజత్ ఇచ్చింది. కానీ చెరువుల మీది కూలీలంతా ఊర్లకు పోయారు. ఆల్థాన్ దాటి సముద్రం దిక్కున్న ఉప్పు నేలల్లో ఝింగా చెరువులుంటాయి. ఝింగా అంటే రొయ్య. అక్కడ చెరువున్న ఒకామె, భర్త పోయాక తానే అన్నీ చూసుకుంటున్న గుజరాతీ మనిషి, స్కూటీ మీద డిండోలి వచ్చింది. మాస్కు మీద ఇంకో మాస్కు, దాని మీద చీర కొంగు. అందరూ ఆమెను బెన్, అంటే అక్క, అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను.

"తెలుగువాలా?" అంది నన్ను చూసి.

"హా బెన్."

"ఆంధ్రా! మీకు ఝింగా పెంచుడు తల్లిపాలతో వస్తుందట కదా. నా చెరువు చూసుకుంటావా?"

సూరత్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళంతా ఆంధ్రానే. మాది అటు కాదు, ఇటు అని విడమరిచి చెప్పడం మేం ఎప్పుడో మానేశాం. మా పల్లెలో నేను చూసిన అతి పెద్ద జలచరం బురదలో దొరికే మట్టగుడిస. నేను అవుననలేదు, కాదనలేదు. తలకాయ ఊపాను. అది ఎటు ఊగిందో బెన్ తన ఇష్టం వచ్చినట్టు చూసుకుంది.

చెరువు దగ్గరికి పోయాక బెన్ మొదట చెప్పింది నిరుటి సంగతి. తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలు ఎర్రబడి, గట్టు అంచుకు కొట్టుకొచ్చి, చూస్తుండగానే చెరువంతా పోయిందట. కొంగలు తినలేక వదిలేశాయట.

"ఈ పంట కూడా పోతే చెరువు మట్టితో పూడ్చేస్తా భాయ్," అంది. "మా ఆయన పోయినాక, మళ్ళీ ఇంత చావు చూసే ఓపిక నాకు లేదు."

నీళ్ళను చిలికి గాలి పట్టించడానికి తెడ్ల చక్రాలు తిరుగుతుంటాయి అక్కడ. ఏరేటర్లంటారు. వాటి మోతలో, పైగా మాస్కుల్లో, మాట వినబడేది కాదు. అందుకని బెన్‌కు మా షెడ్డు సైగలు నేర్పాను. చాయ్ సైగ ఒక్క పూటలో వచ్చింది. నాడె సైగ మాత్రం రొట్టెల పిండి కలిపినట్టు చేసేది.

ఇక ఆ చెరువులోనే ఒక పిల్ల పరిశోధన చేస్తుండేది. చేపల చదువు చదివి, పెద్ద చదువు చదివి, ఇంకా చదువుతున్న పిల్ల. నన్ను చూడగానే తెలుగులో పలకరించింది.

"ఏ ఊరు కాకా?"

"ఆంధ్రా," అన్నాను, బెన్ అక్కడే ఉందని.

"ఝూట్! నీ మాట మా బాపు మాట లెక్కనే ఉన్నది. మా బాపు బీ సాంచాలే నడిపిండు, ఉధ్నాల." గొంతు తగ్గించింది. "బెన్‌కు చెప్పనులే. గానీ నాకు జర పని చేసి పెట్టాలె."

ఆ పిల్ల తెలుగులో ఎక్కి, హిందీలో రెండు స్టేషన్లు పోయి, గుజరాతీలో దిగేది. గొడుగు పిడి లెక్క నల్లగా ఉన్న ఒక మైకును తీగకు కట్టి చెరువులో దించింది. తీగ రెండో కొస డబ్బాలో, డబ్బా నుంచి వచ్చిన హెడ్‌ఫోన్లు నా చెవుల మీద.

"ఏం వినాలె బిడ్డా? నీళ్ళు మాట్లాడ్తయా?"

"చుప్. విను."

ముందు చక్రాల గుడగుడ. తర్వాత ఎక్కడో ఒక టిక్. ఇంకో టిక్. నేను ఊపిరి బిగబట్టేలోపు అవి లెక్కకు అందకుండా పోయాయి. టిక టిక టిక టిక, ఈ మూల నుంచి ఆ మూలకు, ఒకటి ఆగితే పది అందుకుంటూ. నేను చెవులవి తీసేసి చెరువు దిక్కు చూశాను. చాయ్ రంగు నీళ్ళు ఏమీ ఎరగనట్టు పడుకొని ఉన్నాయి. మళ్ళీ పెట్టుకున్నాను. కింద షెడ్డు నడుస్తున్నది. సాంచాలన్నీ బంద్ అయ్యాయని డిండోలి డిండోలంతా గోడలకు తల ఆనించి కూర్చుంటే, ఇక్కడ నీళ్ళ కింద ఫుల్ షిఫ్టు!

నా రోమాలు లేచి నిలబడ్డాయి. మా ఇంటామె చూస్తే దుప్పటి కప్పేది.

"కింద సాంచాలున్నయా బిడ్డా?"

"నోర్లు కాకా. రొయ్య మేత గోలీని దవడలతోని కొరికినప్పుడల్లా గట్ల చప్పుడైతది. ఆకలిగున్నప్పుడు జాస్తి, కడుపు నిండితే కమ్. చెరువుల ఏమున్నదో మన కండ్లకు కనబడదు గద, అందుకని వింటున్నం."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. జనం అందాజ మీద మేత వేస్తారు. ఎక్కువైతే అది అడుగున కుళ్ళుతుంది, నీళ్ళు విషమవుతాయి, రొయ్యకు రోగం, రోగానికి మందు, ఆ మందు మనిషి కంచంలోకి. అదే రొయ్య తానే "చాలు" అని చెప్తే? ఆ చాలు అన్న మాటను పట్టుకోవడానికే ఆ పిల్ల అన్ని నెలలు గట్టు మీద ఎండింది. లోకంలో చాలామంది చాలా చదువులు చదువుతారని తెలుసు. రొయ్య కడుపు నిండిన చప్పుడు వినే చదువు ఒకటుందని నాకెవ్వరూ చెప్పలేదు.

నా జన్మలో మొదటిసారి, ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా ఇంటామె అంతా విని, "బర్రె కథే నయ్యం ఉండె," అంది.

కొన్నాళ్ళకు ఆల్థాన్‌లో ఆ పిల్ల ఉండే అపార్టుమెంటులో కరోనా వచ్చిందని గేటుకు రేకులు కొట్టారు. ఫోన్ చేసింది. "కాకా, పొద్దున, మాపటికి నువ్వే వినాలె. ఎట్లున్నదో నాకు చెప్పాలె. నువ్విప్పుడు నా చెవివి."

ఖటోదరాలో నా చెవుల గురించి అంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే గట్టెక్కి, చెవులవి పెట్టుకుని, డాక్టరు లెక్క కండ్లు మూసుకుని వినేవాణ్ణి. "ఇయ్యాల ఫస్టు షిఫ్టు జోరుగున్నది బిడ్డా," అని చెప్పేవాణ్ణి. ఆమె నవ్వి రాసుకునేది.

అమావాస్య మర్నాడు పొద్దున అట్లనే పెట్టుకున్నాను. చక్రాల గుడగుడ ఉంది. దాని మీద ఏమీ లేదు.

డబ్బాను తట్టాను. తీగ ఊపాను. ఏమీ లేదు. షెడ్డు ఆగిపోయింది.

సాంచాల మనిషికి చప్పుడు ఆగిందంటే అర్థం ఒక్కటే. తర్వాత నేనేం చేశానో నాకు తెలియదు, నా చేతికి తెలుసు. అది ఉరికి పోయి మెయిన్ స్విచ్చు కిందికి లాగింది. చెరువు మీద చక్రాలన్నీ ఒక్కొక్కటీ తూలి నిలబడ్డాయి. అప్పుడే స్కూటీ దిగుతున్న బెన్‌కు గట్టు మీది నుంచి రెండు వేళ్ళు ఫట్టున విడదీసి చూపించాను. పోగు తెగింది.

బెన్ వచ్చింది. ఇద్దరం నీళ్ళు చూస్తూ నిలబడ్డాం. కొంతసేపటికి నీళ్ళ మీద సన్నగా చుక్కలు లేచాయి. వాన లేదు. రొయ్యలు! మీసాలు పైకి పెట్టి అంచులకు వస్తున్నాయి. బెన్ ఫోన్ తీసింది. నిరుడు ఇట్లనే వచ్చాయి. ఆమె ఎవరికి ఫోన్ చేసిందో చూడకుండానే తెలుసు: చెరువులకు మందులమ్మే ఏజెంటు. నేను ఆ పిల్లకు చేశాను.

"బిడ్డా, చప్పుడు లేదు. అన్నీ మీదికొస్తున్నయి."

"చప్పుడంటే ఏం లేదా? చక్రాల మోత బీ నాకు ఇనబడ్తలేదేంది?"

"నేనే బంద్ జేసిన."

"ఎందుకు?!"

"పోగు తెగితే ముందు బంద్ చెయ్యాలె గద."

 ఆ పిల్ల అరిచింది, రేకులు కొట్టిన గేటు దాటి డుమస్ సముద్రం దాకా వినబడేట్టు. "కాకా! అది సాంచ గాదు! గాలి లేక చస్తున్నయి! చాలూ కర్! జల్ది!"

నేనెంత ఉరికానంటే, నా చెప్పు ఒకటి ఇప్పటికీ ఆ చెరువులోనే ఉంది. స్విచ్చు పైకి కొట్టాను. చక్రాలు దగ్గి, కదిలి, నీళ్ళను చిలకడం మొదలుపెట్టాయి. నీళ్ళ మీది చుక్కలు ఒక్కొక్కటీ కిందికి దిగిపోతుంటే నా గుండె కూడా మెల్లగా దాని చోటికి దిగింది.

"ఇప్పుడు పళ్ళెం పైకి గుంజు. వీడియోల చూపించు."

మేత ఎంత తిన్నాయో చూడడానికి చెరువులో తాడు కట్టిన వల పళ్ళెం ఉంటుంది. గుంజాను. మేత పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని మీద రొయ్యలు కదలకుండా పడి ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే గాలి అంత తేలిక. చూస్తే లోపల రొయ్య లేదు! కాళ్ళున్నాయి, మీసాలున్నాయి, కండ్ల గుంతలున్నాయి, అంతా అద్దం లెక్క మెరుస్తున్నది, లోపల మనిషి లేడు. 

"బిడ్డా, వీటి పానం పోయి అంగీ మిగిలింది."

"పానం పోలే కాకా. అంగీనే పోయింది. అమావాస్యకు, పున్నానికి చాలా రొయ్యలు ఒక్కపాలి పొట్టు ఇడుస్తయి. పాత పొట్టు ఇరుకైతది గద, ఇడిచి కొత్తది కట్టుకుంటయి. కొత్తది గట్టిపడేదాక దవడలు బీ మెత్తగనే. ఇగ ఏం తింటయి? గీ టైంల గాలి జాస్తి గావాలె. నువ్వేమో బంద్ జేసినవ్."

నేను ఆ పొట్టును ఎండకు పట్టి చూశాను. సూరత్‌లో ఎన్ని రకాల గుడ్డ చూశానో. ఇంత పల్చగా, ఒక్క కుట్టు లేకుండా, కంటి పొర నుంచి మీసం కొస దాకా ఒకే ముక్కలో నేసినది చూడలేదు. దాన్ని నేసింది లోపలి నుంచి. విడిచింది పొద్దు పొడవక ముందు. కింద నీళ్ళలో ఎన్ని వేల అంగీలు పడి ఉన్నాయో!

అప్పటికి ఏజెంటు నీలి డబ్బాలతో దిగాడు. బెన్ ఫోన్ తీసుకుని ఆ పిల్లను ఒక్కటే అడిగింది.

"ఖాయంగా చెప్పు. ఇది తెల్లమచ్చ కాదు కదా?"

"ఖాయంగా చెప్పలేను బెన్. పొట్టు విడుపు అనే అనుకుంటున్నా. తెగులు ఉన్నదా లేదా పరీక్షే చెప్పాలి. మీ కరోనాకు చేసే ఆర్టీపీసీఆర్ లాంటిదే. సాయంత్రం దాకా ఆగు."

తెలియదని అంత చదువుకున్న పిల్ల అంటుంటే నేను నోరు తెరిచాను. నా నోట్లో నుంచి ఆ మాట ఎన్నడూ రాలేదు. ఇంకో సంగతి విని ఇంకా తెరిచాను. మన ముక్కుల్లో పుల్లలు పెట్టడానికి ఎన్నో ఏండ్ల ముందు నుంచే రొయ్య పిల్లలకు ఆ జాతి పరీక్ష చేస్తున్నారట. పరీక్ష పాసైతేనే చెరువులోకి రానిస్తారట. నేనేమో డిండోలి దాటడానికే పోలీసుకు దండం పెట్టేవాణ్ణి.

ఆమె చెప్పినట్టే కొన్ని రొయ్యల ఈదే చిన్న కాళ్ళు కత్తిరించి, స్పిరిట్ సీసాల్లో వేసి, ఐసు బండివాడికిచ్చి ప్రయోగశాలకు పంపాం.

"సాయంత్రానికి చెరువే ఉండదు బెన్," అన్నాడు ఏజెంటు. "ఒక్క డోసు వేస్తా. నిమ్మళంగా పడుకో."

ఫోన్లో నుంచి ఆ పిల్ల: "అది యాంటీబయోటిక్. తెల్లమచ్చ వైరస్. వైరస్‌కు అది, నీళ్ళు ఒకటే. వైరస్ కాకుంటే అసలు అవసరమే లేదు. ఎట్లయినా మిగిలేది రొయ్య కండలో మందే. తిన్నవాళ్ళ కడుపులోకి పోతది."

"ఇంట్ల కూసొని ఫోన్లో డాక్టరీ!" అన్నాడు అతను.

"నువ్వు చేసేదేంది భాయ్, స్కూటర్ మీది డాక్టరీయే కదా," అన్నాను నేను. చెప్పు పోయిన కోపం కొంత ఉంది.

బెన్ మా ఇద్దరినీ చూడలేదు. నీళ్ళ దిక్కు చూస్తూ అంది. "నేను పుట్టి బుద్ధెరిగి ఝింగా నోట్లో పెట్టలేదు. మా ఇంట్లో గుడ్డు కూడా రాదు. నేను తినని దాన్ని ఎవరి పిల్లలకో పెడుతున్నా. అందులో మందు కూడా కలిపి పెట్టనా?"

ఏజెంటు తన మందు డబ్బా మీద కూర్చున్నాడు. సాయంత్రం బెన్ మనసు మారుతుందని అతని ఆశ. మేమందరం ఎదురు చూశాం. బెన్ గట్టు చివర, మైకు డబ్బా ముందు, చెవులవి పెట్టుకుని కూర్చుంది. తిండికి లేవలేదు. నేను ఈ చివర చక్రాల స్విచ్చు దగ్గర, అది ఎవరైనా ఆపుతారేమోనని దానికి కాపలా ఉన్నాను. ముఖ్యంగా నా చేతి నుంచి.

పొద్దు వాలి, నీళ్ళు రాగి రంగుకు తిరిగాయి. నేను బెన్‌నే చూస్తున్నాను. ఆమె వీపు నిటారైంది. తల కొంచెం వంగింది. చాలాసేపు అట్లనే ఉంది. తర్వాత కుడి చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి బోర్లా, ఇటూ అటూ. ఈసారి పిండి కలిపినట్టు లేదు. ఖటోదరాలో ఇరవై ఏండ్లు పనిచేసినవాడు చేసినట్టు, నాడె లెక్క, ఇటూ అటూ.

నడుస్తున్నది.

ఉరికి పోయాను. చెవులవి నాకిచ్చింది. పెట్టుకుని విన్నాను. ఒక టిక్, ఇంకో టిక్, మళ్ళీ షెడ్డు తెరుచుకున్నది. దీపాలు పెట్టే వేళకు ఆ పిల్ల ఫోన్. పరీక్షలో తెల్లమచ్చ లేదు. ఏజెంటు నీలి డబ్బాలు మళ్ళీ కట్టుకుంటుంటే బెన్ అతనికి చాయ్ సైగ చేసింది. పాపం, అతనికి అర్థం కాలేదు.

ఆ పంట చేతికి వచ్చింది. అమ్మే ముందు కండలో మందు ఆనవాళ్ళు ఉన్నాయా అని కూడా ప్రయోగశాల చూసింది. లేవు. చెరువు పూడ్చే మాట బెన్ మళ్ళీ ఎత్తలేదు. సాంచాలు తెరిచాక నేను షెడ్డుకు పోయాను. ఇప్పటికీ సాంచాలన్నీ ఒక్కసారి అందుకున్నప్పుడు, రొయ్యలు మేతకు వచ్చాయనిపిస్తుంది.

ఇప్పుడు ఒప్పుకోవాలి. రొయ్యల నోటి చప్పుడు కల్పించానని అనుకుంటున్నారు కదా. కాదు. వాటి పరీక్ష, అమావాస్య అంగీ, గుడ్డు కూడా ముట్టని బెన్, నా చెప్పు, అన్నీ నిజం. నేను కల్పించింది నా చెవిని.

మొదటి రోజు చెవులవి పెట్టుకున్నప్పుడు నాకు గుడగుడ తప్ప ఏమీ వినబడలేదు. రొయ్యల చప్పుడు చాలా సన్నది. సాంచాలు మా చెవుల్లో ముందు కొరికేసేది ఆ సన్నదనాన్నే. నేను సిగ్గుపడి "ఆహా" అన్నాను. ఆ పిల్ల నా మొహం చూసి పసిగట్టింది. ఆమె బాపు చెవులూ అంతేనట. డబ్బా మీద ఒక మీట నొక్కింది. చప్పుడు మెత్తబడి, మందమై, నా లాంటివాడి చెవికి అందేంత కిందికి దిగి వచ్చింది. నేను విన్న షెడ్డు అది. రోజూ ఆ మీట నొక్కే వినేవాణ్ణి. ఆ పొద్దున నొక్కానా లేదా అని అనుమానపడకండి. నొక్కాను. పళ్ళెంలో మేత అట్లనే ఉంది కదా.

ఆ సాయంత్రం మాత్రం నొక్కలేదు. బెన్ చెవులవి ఇస్తే పెట్టుకున్నాను. చక్రాల గుడగుడ, అంతే. టిక్ లేదు, షెడ్డు లేదు. ఆమె మొహం చూశాక మీట సంగతే గుర్తు రాలేదు. "అవును బెన్, నడుస్తున్నయ్," అన్నాను. నేను విన్నది ఆమె చేతినే.

కాబట్టి ఎడమ చెవి కూడా సగమే. దాని మీద పెట్టిన ఒట్టులో ఎంత చెల్లుతుందో మీరే చూసుకోండి.